టెండరుకు పెట్టిన శాంపిల్ చీర

మా పెద్దబాపు పోయిన కబురు నాకు బడిలో తెలిసింది. సుల్తానాబాద్ దగ్గరి మా బడికి పిల్లవాడి టీసీ కోసం మా ఊరి వైపు నుంచి వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి, "టీచరమ్మా, మీ ఊళ్ళె శాంపిలాయన పోయిండట, ఎరుకేనా?" అన్నాడు. అన్న తరువాత ఆ శాంపిలాయన నాకు ఏమవుతాడో గుర్తుకొచ్చి నాలుక కరుచుకున్నాడు. "తప్పుగ అనుకోకుండ్రి మేడం, అందరు గట్లనే అంటరు గద" అని సర్దుకోబోయాడు. నేనేమీ అనుకోలేదు. అందరూ అలాగే అంటారు. చచ్చిపోయిన రోజున కూడా ఆ మనిషికి ఆ పేరు తప్పలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఊరు చేరేసరికి వాకిలి నిండా జనం. బతికున్నప్పుడు ఆయన ఎదురైతే నవ్వు ఆపుకోలేక ముఖం పక్కకు తిప్పుకున్నవాళ్ళే ఇప్పుడు భుజాల మీద తువ్వాళ్ళు వేసుకుని వరసగా కూర్చున్నారు. "ఎంత నీతిమంతుడు", "గసొంటి చెయ్యి మళ్ళ పుట్టది" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. "గీ మాట ఆయన చెవులవడేటట్టు ఒక్కనాడన్న అనకపోతిరి?" అని అడిగేశాను. పెద్దవాళ్ళలో ఒకాయన, "ఊకో బిడ్డా, గిప్పుడు గవన్ని ఎందుకు" అన్నాడు. గవన్నీ ఎందుకో చెబుతాను.

ఆయన మా బాపుకు అన్న. మా వంశంలో అందరూ నేత పనివాళ్ళే. మా ఊళ్ళో గుంట మగ్గాలు ఒక్కొక్కటే మూలపడి, ఇంటింటా సాంచాలు, అంటే కరెంటుతో నడిచే మరమగ్గాలు, దడదడలాడడం మొదలైన కాలంలో కూడా ఆయన వెనకింట్లో తన గుంట మగ్గాన్ని తీసేయలేదు. పొద్దంతా సాంచా మీద పని, సాయంత్రం కాసేపు గుంట మగ్గం. ఎందుకని అడిగితే, "అది కూలి, ఇది నా ముచ్చట" అనేవాడు.

మంచివాడని మొదలుపెడితే అబద్ధమవుతుంది. పనిలో ఆయనంత కఠినుడిని నేను చూడలేదు. గుడ్డ బాగా లేకపోతే ముఖం మీదే "పనికిరాదు" అనేవాడు. ఆ మాట తరువాత ఇంకో మాట ఉండేది కాదు. మా అవ్వ, అంటే మా అమ్మ, కాపురానికి వచ్చిన కొత్తలో, మా బాపు తన చేతి పని భార్యకు చూపించుకోవాలని ఇష్టంగా ఒక పంచె నేశాడట. పెద్దబాపు వచ్చి, దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసి, కత్తెర తెప్పించి, మగ్గం మీదే అడ్డంగా కోసేశాడట. కొత్త కోడలు చూస్తుండగానే. మా అవ్వ చనిపోయేదాకా ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆమె గొంతు మారేది. మా బాపు మాత్రం, "గప్పటి సంది నా గుడ్డకు ఎవ్వడు వంక పెట్టలే" అనేవాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

పెళ్ళిళ్ళకు ఆయనతో పోవాలంటే మాకు సిగ్గు. ఎంతటి పెద్దమనిషి వచ్చి నమస్కారం పెట్టినా, తిరిగి నమస్కారం పెట్టే ముందు ఎదుటివాడి అంగీ అంచు పట్టుకుని నలిపి చూసేవాడు. ఒకసారి పెళ్ళికొడుకు కట్టుకున్న పట్టుపంచెను అలాగే నలిపి, "పైసలు బొక్క" అన్నాడు. పెళ్ళికొడుకు మేనమామ కొట్టడానికి వచ్చాడు.

నన్ను బడికి పంపింది కూడా ఆయనే. అదీ ముద్దుచేసి పంపింది కాదు. మా బాపు నన్ను కండెలకు నూలు చుట్టే పనికి కూర్చోబెడితే, నేను చుట్టిన కండెను అటూ ఇటూ తిప్పి చూసి, "గిది దేనికీ పనికిరాదు. బడికి తోలుండ్రి" అన్నాడు. దేనికీ పనికిరానివాళ్ళే చదువుకోవాలన్న ఆయన లెక్క వల్ల నేను టీచర్నయ్యాను. నా ట్రైనింగు ఫీజులు ఆయనే కట్టాడు. కట్టిన సంగతి ఒక్కసారి కూడా నోటెంట రాలేదు. నా కండె సంగతి మాత్రం ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాడు. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన పెట్టిందే. తిట్టి పెట్టాడు, అంతే.

మా ఊళ్ళో సాంచాలు నడిపేవాళ్ళకు నూలు ఇచ్చేది సేటు, గుడ్డ తీసుకునేది సేటు, కూలి ఎంతో చెప్పేది కూడా సేటే. ఆయన చేతి కింద నలిగి నలిగి, మా వాడలోని కొన్ని కుటుంబాలు కలిసి ఒక సొసైటీ పెట్టుకున్నాయి. దానికి పెద్దబాపే అధ్యక్షుడు. మా మేనత్త కొడుకు కార్యదర్శి. వరసకు నాకు బావ, లెక్కాపత్రం తెలిసినవాడు, పరుగులు పెట్టే మనిషి. ఎనభైల నాటి మాట ఇది. పాత సాంచాలు కొన్ని కొన్నారు. ఇక సేటు గుమ్మం తొక్కే పని లేదనుకున్నారు. కానీ నేసిన గుడ్డ కొనేవాడు కావాలి కదా. ఊళ్ళో కొనేవాళ్ళందరూ సేటు మనుషులే.

అప్పుడే బావ పేపర్లో ఒక ప్రకటన చూశాడు. ఆదిలాబాద్ జిల్లాలో ఒక మున్సిపాలిటీవాళ్ళు సఫాయి పని చేసే ఆడవాళ్ళకు ఏటా ఇచ్చే నీలి చీరల కోసం టెండరు పిలిచారు. షరతులు ఇంగ్లీషులో ఉన్నాయి. నేను అప్పటికి మా ఊరి బడిలోనే టీచరుగా చేస్తున్నాను. పెద్దబాపు వాకిట్లో చాపేసి అందరినీ కూర్చోబెట్టి, నన్ను చదివి తెలుగులో చెప్పమన్నాడు.

చెప్పాను. రేటు కాగితాన్ని కవరులో పెట్టి లక్కతో సీలు వేయాలి. ధరావతు, అంటే ముందస్తు డిపాజిట్టు, కట్టాలి. దానితోపాటు ఒక చీర శాంపిలుగా ఇవ్వాలి. చెప్పిన రోజున అందరి ఎదుటా కవర్లు తెరుస్తారు. శాంపిలు బాగున్నవాళ్ళలో ఎవరి రేటు తక్కువైతే వాళ్ళదే పని. తరువాత ఇచ్చే చీరలు శాంపిలుతో సమానంగా ఉండాలి. లేకపోతే మాలు వాపసు, ధరావతు జప్తు, మళ్ళీ పిలిచే టెండరులో చోటుండదు.

పెద్దబాపుకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది సీలు కవరు. రెండుసార్లు చెప్పించుకున్నాడు. "అంటే సేటు కవరు, మన కవరు ఒక్క తీరుగనే ఉంటయా? తెరిచేదాక ఎవలిది ఏందో ఎవలికి తెల్వదా? ఎవని కొడుకు, ఏం కులం, కారుల వచ్చిండా బస్సుల వచ్చిండా, ఏమడుగరా?" అన్నాడు. అడగరని చెప్పాను. "గీ రూలు పెట్టినోడెవడో కూలోని కడుపుల పుట్టి ఉంటడు" అని తొడ చరుచుకున్నాడు. ధరావతు కోసం ఆయన భార్య, మా పెద్దవ్వ, మెడలో ఉన్న బంగారు గుండ్లు కుదువకు పోయాయి. ఆమె తన చేతులతోనే తీసి ఇచ్చింది.

శాంపిలు మాత్రం తనే నేస్తానన్నాడు. వెనకింట్లో గుంట మగ్గం మీద కూర్చుని, వాడలో ఎవరినీ లోపలికి రానివ్వకుండా నేశాడు. మగ్గం మీంచి దించి బయటికి తెచ్చిన రోజున వాడంతా వచ్చి చూసింది. నీలి రంగు ఎక్కడా ఒక మచ్చ లేకుండా పట్టింది. నేత ఎంత దగ్గరగా ఉందంటే ఎండకు ఎత్తి పట్టినా వెలుతురు దూరలేదు. ఆడవాళ్ళు చెంపలకు ఆనించుకుని చూశారు. మగవాళ్ళు ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకున్నారు. సొంత బిడ్డ పెళ్ళి చీరను చూసినట్టు చూశారు.

బావ ఒక్కడే భయపడ్డాడు. "మామా, గింత మంచిగ నేస్తివి. రేపు అన్ని చీరలు గిట్లనే ఇయ్యాలె గద. గా రేటుకు సాంచా మీద గీ నేత వస్తదా?" అన్నాడు.

పెద్దబాపు నవ్వాడు. "శాంపిలంటే మన ముఖంరా. పెద్ద కచేరికి పోతున్నం. ముఖం కడుక్కోకుంట పోతమా?"

అందరూ నవ్వారు. ముఖం కడుక్కునే పోవాలన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి. ఆ రోజు వాకిట్లో ఉన్నవాళ్ళలో ఒక్కరు కూడా, మామూలు సాంచా చీర ఒకటి తీసి శాంపిలుగా పెడదామని అనలేదు. వ్యాపారం తెలిసినవాడెవడైనా ఆ పనే చేసేవాడు. మా వాళ్ళకు అది తోచలేదు. బయటివాళ్ళకు చూపించే గుడ్డ ఇంట్లో ఉన్నవాటిలో మేలైనది కాక ఇంకొకటి ఎలా అవుతుందో మా వాళ్ళ బుర్రలకు ఎక్కదు.

టెండరు తెరిచే రోజున పెద్దబాపు, బావ, ఇంగ్లీషు కోసం నేను పోయాం. మున్సిపాలిటీ హాలులో వ్యాపారులు కుర్చీల్లో ఉన్నారు. మా ఊరి సేటు కూడా వచ్చాడు. మమ్మల్ని చూసి, "ఏం పెద్దమనిషీ, బాసరకు పోతున్నరా?" అన్నాడు. కమిషనర్ సారు ఒక్కొక్క కవరునే ఎత్తి, సీలు అందరికీ చూపించి, చించి, రేటు పైకి చదివాడు. మాదే తక్కువ. స్టోరు కీపరు మా శాంపిలును బల్ల మీద పరిచాడు. వ్యాపారులు కూడా లేచి వచ్చి చూశారు. సేటు మా చీర అంచు నలిపి చూసి మా పెద్దబాపు వైపు తిరిగి ఒకసారి చూశాడు. వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ రేటుకు సాంచా మీద ఆ నేత రాదని ఆయనకు అప్పుడే అర్థమైందని నేను ఇప్పుడనుకుంటాను.

తిరుగు దారిలో నిజంగానే బాసరలో దిగాం. గోదావరిలో మునిగి లేచి పెద్దబాపు తడి ధోతితో మెట్ల మీద కూర్చుని, "బిడ్డా, సర్కారు మన చెయ్యి చూసింది" అన్నాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను మళ్ళీ చూడలేదు.

తరువాత అందరూ సాంచాల మీద పడ్డారు. పెద్దబాపు షెడ్డు షెడ్డుకూ తిరిగి తిట్టాడు, బతిమాలాడు, నూలు మార్పించాడు. ఆ రేటుకు ఆ నూలుతో సాంచా ఎంత బాగా నేయగలదో అంత బాగా నేశారు. అవి చెడ్డ చీరలు కావు. కూలోళ్ళు కట్టుకునే చీరల్లో వాటిని మించినవి మా ఊళ్ళో అంతకుముందు రాలేదు. కానీ శాంపిలు చీర శాంపిలు చీరే.

మాలు దించిన రోజున స్టోరు కీపరు ఒక చీర తీసి శాంపిలు పక్కన పరిచాడు. పోగులు చూసే భూతద్దం పెట్టి, "అమ్మో, చాలా తేడా ఉందే" అన్నాడు. కమిషనర్ సారు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ సారు చెడ్డవాడు కాదు. రెండు చీరలూ చూశాడు. మా ముఖాలు చూశాడు. ఏం చేయాలో తోచక కాసేపు పెన్ను మూత తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ తరువాత స్టోరు కీపరును బయటికి పంపేసి నెమ్మదిగా అన్నాడు.

"పెద్దాయనా, నేను బట్టల మనిషిని కాదు. నువ్వు నేత పనిలో పండినవాడివి. నీ నోటితో చెప్పు. ఈ రెండూ ఒకటేనా? ఒకటే అని నువ్వంటే, అనుభవం ఉన్న నేతకారుడు ఇలా చెప్పాడని రాసుకుంటాను. తీసుకుంటాను."

అంతకన్నా పెద్ద తలుపు ఏ ఆఫీసులోనూ తెరుచుకోదు. బావకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పెద్దబాపు చెవిలో, "ఒకటే అను మామా. నీ కాళ్ళు మొక్కుత. ఒక్క మాట" అన్నాడు.

పెద్దబాపు లేచి బల్ల దగ్గరికి పోయాడు. శాంపిలును నలిపి చూశాడు. తరువాత రెండో చీరను నలిపి చూశాడు. నలపకుండా ఉంటే బాగుండేదేమో. చేతిలోకి గుడ్డ వచ్చాక ఆయన ఇంకెవరి మాటా వినడు.

"కావు సారు" అన్నాడు. "గిది మా ముఖం. గది మా కడుపు. రెండొకటి ఎట్లయితయి?"

కమిషనర్ సారు ఇంకోసారి అడిగాడు. ఇంకోసారి అదే జవాబు. ఆయన పెన్ను మూత తీసి, రూలు ఏం రాయమంటే అది రాశాడు. మాలు వాపసు. ధరావతు జప్తు. మళ్ళీ టెండరు. అందులో మాకు చోటు లేదు.

బస్సు దిగేటప్పుడు బావ ఒక్క మాటన్నాడు. "నీ నోట్ల మన్ను వడ మామా." పెద్దబాపు తల వంచుకుని కట్టలు దింపుకున్నాడు.

ఆ ఒక్క జవాబును నేనూ ఆయనకు పూర్తిగా క్షమించలేదు. ఇది స్మృతి కదా అని దాచను. ఆ మాట వెనక అంతమంది అన్నం ఉంది. పెద్దవ్వ గుండ్లున్నాయి. ఒక్క అబద్ధంతో పోయేదానికి ఎందుకు నోరు రాలేదు అని చాలాసార్లు కోపం వచ్చింది. తన తమ్ముడు నేసిన పంచెను కోసిన మనిషి తన గుడ్డను మాత్రం ఎలా వదిలేస్తాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. అయినా కోపం పోలేదు.

అసలు క్రూరత్వం ఆ తరువాత మొదలైంది. చీరల కట్టలు సొసైటీ గదిలో పడి ఉన్నాయి. కొనేవాడు లేడు. అన్నీ ఒకే నీలి రంగు, సఫాయివాళ్ళ చీరలని చూడగానే తెలిసిపోతుంది. అంగట్లో ఎవరూ ముట్టరు. అప్పుడు సేటు వచ్చాడు. గదిలో తొంగిచూసి, "పెద్దమనిషీ, గీ గుడ్డను ఎలుకలకేస్తవా, నాకిస్తవా?" అన్నాడు. తూకం లెక్కన అడిగాడు. పాత ఇనుము కొన్నట్టు కాంటా తెప్పించి, మా వాళ్ళ చేతులతోనే ఎత్తించి తూచుకుని పోయాడు.

ఆ మున్సిపాలిటీలో మళ్ళీ టెండరు పిలిచారు. ఈసారి మేము లేము కాబట్టి సేటు రేటే తక్కువ. అది మేము చెప్పిన రేటు కన్నా చాలా ఎక్కువ, అయినా ఉన్నవాటిలో తక్కువ. రూలు ప్రకారం పని ఆయనకే ఇచ్చారు. శాంపిలుగా ఆయన ఏం పెట్టాడో ఆయనే హోటల్లో చాయ్ తాగుతూ అందరికీ చెప్పాడు. "నేనేం కొత్తగ నేయించలే. మీ కట్టలల్లకెల్లి ఒక చీర గుంజి శాంపిలు పెట్టిన. మిగిలినయి మాలు ఇచ్చిన. శాంపిలు, మాలు ఒక్క తీరుగనే ఉండె. కమిషనరు సంతోషపడ్డడు" అని నవ్వాడట. మేము నేసిన చీరలే. మా దగ్గర పనికిరానివి ఆయన దగ్గర పనికొచ్చాయి. అందులో ఒక్క రూలు కూడా తప్పలేదు. ఎవరినీ నిలదీయడానికి లేదు. ఫిర్యాదు రాద్దామని నేను కాగితం ముందేసుకుని కూర్చున్నాను. ఏమని రాయాలో తెలియక లేచాను.

సొసైటీ పోయింది. సాంచాలు సేటుకే అమ్మారు. ఎవరి సాంచా మీద వాళ్ళే సేటుకు కూలికి పనిచేశారు. బావ పెళ్ళాం పిల్లలను తీసుకుని సాంచాల పనికి భివండి పోయాడు. మళ్ళీ పెద్దబాపు గడప తొక్కలేదు. చావుకు కూడా రాలేదు.

సేటును తిట్టడానికి మా వాళ్ళకు ధైర్యం చాలదు, కూలి ఆయనే ఇవ్వాలి. మున్సిపాలిటీని తిట్టడానికి అది పక్క జిల్లా. మిగిలింది పెద్దబాపు. ఆయన్ని వదల్లేదు. శాంపిలాయన అని పేరు పెట్టారు. చిన్నపిల్లలకు శాంపిల్ తాత. పెళ్ళి భోజనాల్లో రెండు విస్తళ్ళు చూపించి, "శాంపిలాయనా, జర చూసి చెప్పు, రెండొకటేనా?" అనేవాళ్ళు. మంగలి షాపులో సగం గడ్డం గీశాక అద్దం చూపించి అదే అడిగారు. కవల పిల్లలు పుట్టిన ఇంట్లో కూడా, ఆయన చూడ్డానికి పోతే, తొట్టెల దగ్గర అదే మాట. ఇంట్లో అయినా ఊరుకున్నారా అంటే, పెద్దవ్వ అన్నం వడ్డిస్తూ, "నిన్నటి పప్పు, ఇయ్యాల్టి పప్పు ఒకటేనా? మంచిగ చూసి చెప్పు" అనేది. బోసిపోయిన మెడ తడుముకుంటూ అనేది. ఆమెను నేను తప్పు పట్టను.

శాంపిలు చీరను ఎండకు ఎత్తి పట్టి మురిసిపోయినవాళ్ళలో ఒక్కరు కూడా, మేమూ ఆ రోజు నవ్వామని అనలేదు. మనిషిని తిట్టడం మొదలుపెట్టాక అందరికీ ఒకే నోరవుతుంది.

ఆయన ఇక ఎవరి అంగీ అంచూ పట్టుకునేవాడు కాదు. పెళ్ళిళ్ళలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. చూపు తగ్గాక సాంచా మీదికి రానివ్వకపోతే, సేటు షెడ్డులోనే ఆడవాళ్ళ మధ్య కూర్చుని కండెలు చుట్టాడు. ఒకసారి నేను పోయేసరికి తను చుట్టిన కండెను నా చేతిలో పెట్టి, "చూడు బిడ్డా, పనికొస్తదా?" అన్నాడు. వెక్కిరింతగా అనలేదు. నిజంగానే అడిగాడు.

ఇక మిగిలింది ఒకటి. ఇది మా వాడలో ఎవరికీ తెలియదు. ఆయన బతికున్నంతకాలం చెప్పొద్దన్నాడు, చెప్పలేదు. ఎందుకు చెప్పొద్దో కూడా ఆయనే చెప్పాడు. "నన్ను తిట్టుకుంటనన్న మనోళ్ళు బతుకుతున్నరు బిడ్డా. గిది తెలిస్తె తిట్ల బదులు ఏడుపొస్తది. ఏడ్చుకుంట పని చేయలేరు."

సేటు ఆ చీరలు ఇచ్చిన మరుసటి ఏడు నాకు ఆదిలాబాద్ వైపు బోథ్ లో పరీక్షల డ్యూటీ పడింది. బస్సు ఆ మున్సిపాలిటీ ఊళ్ళోనే మారాలి. పెద్దబాపు, "నేను గూడ వస్త" అన్నాడు. ఎందుకని అడిగితే, "ఊకెనే" అన్నాడు. పొద్దున్నే అక్కడ దిగాం. బస్టాండు బయట చాయ్ తాగుతుంటే, సఫాయి ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని వచ్చారు. నీలి చీరలు. పెద్దబాపు తన సాసరు నా చేతికి ఇచ్చేసి, దగ్గరగా ఊడుస్తున్న ఒకామె వైపు నడిచాడు. మధ్యవయసు మనిషి. ఈ ముసలాయన తన చీరను చూస్తూ రావడం గమనించి ఆమె చీపురు ఆపింది.

"అమ్మా, గీ చీర మున్సిపాలిటోళ్ళు ఇచ్చిందేనా?" అన్నాడు.

"ఔ కాకా. ఏం, ఎందుకు?"

"ఎట్లున్నది?"

ఆమెకు నవ్వొచ్చింది. ఎవరూ అడగని ప్రశ్న అది. "మంచిగున్నది కాకా. ఇంతకుముందు ఇచ్చినయి రెండు ఉతుకులకే జల్లెడ లెక్క అయితుండె. వంగి ఊడ్వాలంటె సిగ్గు. పొద్దుగాల బజార్ల అందరు మొగోళ్ళే గద. గిది ఎంత వంగినా నిండుగున్నది. ఏడు దాటినా రంగు పోలే. ఇసొంటియి మాకు ఎన్నడు ఇయ్యలే. ఎవలు నేసిండ్రో, వాళ్ళ కడుపు సల్లగుండ."

నేను నోరు తెరిచాను. నువ్వే అని చెప్పు పెద్దబాపూ, అని అరవాలనిపించింది. ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. నా నోరు మూతపడింది.

"సేటు ఇచ్చిండమ్మా" అన్నాడు ఆమెతో. "మా ఊరి సేటు."

"ఐతె ఆయనే సల్లగుండ" అందామె, చీపురు ఎత్తి దండం పెట్టినట్టు ఊపి.

పెద్దబాపు తలూపాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ఆమె భుజం మీద వేలాడుతున్న కొంగు వైపు వేలు చూపించాడు.

"కొంగు చివర పోగు లేసింది చూడు బిడ్డా. గుంజి తెంపకు. తెంపితే గుడ్డంత వదులైతది. ముడెయ్యి."

ఆమె చీపురు చంకలో పెట్టుకుని, మట్టి చేతులు చీరకే తుడుచుకుని ముడి వేసింది. "ఇంక గట్టిగ" అన్నాడు. ఆమె పోగును పంటితో పట్టి బిగించి, ఆయనకు కనపడేలా కొంగు ముందుకు పట్టుకుంది. ఆయన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ముందుకు వంగి, ఆ ముడి వైపు చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.